ఎండను ఓర్చే ఆకు

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మహదేవపూర్ అడవులు టేకు వృక్షాలకు ప్రసిద్ధి. వానకాలమంతా పచ్చగా ఉన్న ఆకు రాలిపోయే ముందు పసుపు వన్నెకు తిరుగుతుంది. ఆ పసుపు అప్పుడు కొత్తగా పుట్టినది కాదు. పత్రహరితం మాటున అంతవరకు దాగి ఉన్నదే. పత్రహరితం క్షీణించగానే అది బయటపడుతుంది. ఆ వన్నెకు కారణమైన వర్ణద్రవ్యాలే కెరోటినాయిడ్లు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్, పండుమిరపలోని ఎరుపు, బతుకమ్మలో పేర్చే బంతిపూలలోని ల్యూటిన్ ఈ కుటుంబానికి చెందినవే.

కిరణజన్య సంయోగక్రియలో వీటి విధులు ప్రధానంగా రెండు. పత్రహరితం అంతగా గ్రహించలేని నీలి-ఆకుపచ్చ కాంతిని గ్రహించి ఆ శక్తిని దానికి అందించడం మొదటిది. ఎండ తాకిడి నుండి ఆకును కాపాడటం రెండవది. ఆకు వినియోగించుకోగలిగిన దానికంటె ఎక్కువ కాంతి పడినప్పుడు మిగులు శక్తి ఆక్సిజన్‌కు చేరితే, అది కణంలోని పొరలను ధ్వంసం చేస్తుంది. కెరోటినాయిడ్లు ఆ శక్తిని తాము స్వీకరించి, వేడిగా మార్చి వదలివేస్తాయి.

ఈ శక్తి మార్పిడులలో కొన్ని ఫెమ్టో సెకనులలో జరుగుతాయి. సెకనులో పది లక్షల వంతును మళ్ళీ వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెమ్టో సెకను. సుమారు 3 కోట్ల 17 లక్షల సంవత్సరాలలో ఒక సెకను ఎంతో, ఒక సెకనులో ఫెమ్టో సెకను అంత!

ఇంత స్వల్పకాలాన్ని కొలవగల గడియారం లేదు. అందుచేత శాస్త్రజ్ఞులు కాంతి వేగాన్నే గడియారంగా చేసుకున్నారు. మొదటి లేజర్ స్పందం వర్ణద్రవ్యాన్ని ఉత్తేజపరుస్తుంది. రెండవ స్పందం కొంత ఆలస్యంగా వచ్చి, అప్పటి దాని స్థితిని తెలుపుతుంది. రెండవదాని దారిని 0.03 మిల్లీమీటరు పెంచితే అది 100 ఫెమ్టో సెకనులు ఆలస్యంగా చేరుతుంది. ఈ విధంగా రసాయన చర్యలను పరిశీలించినందుకు ఈజిప్టులో జన్మించిన అహ్మద్ జెవైల్‌కు 1999లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఈ పద్ధతిలో పరీక్షించినప్పుడు బీటా కెరోటిన్ కాంతిని గ్రహించి చేరే ఉత్తేజిత స్థితిలో 200 ఫెమ్టో సెకనులకు మించి నిలవదని తేలింది. అక్కడి నుండి అది తక్కువ శక్తి గల మరొక స్థితికి దిగుతుంది. ఆ రెండవ స్థితికి కాంతి ద్వారా నేరుగా చేరడం దాదాపు అసాధ్యం కనుక దానికి 'చీకటి స్థితి' అని పేరు. సుమారు 10 పికో సెకనులలో, అనగా 10,000 ఫెమ్టో సెకనులలో, అదీ ముగిసి శక్తి వేడిగా మారుతుంది. పత్రహరితం చేరువలో ఉన్నప్పుడు ఆ శక్తిని అందుకోవలసినది ఈ స్వల్ప వ్యవధిలోనే.

ఈ జ్ఞానం రైతుకూ అవసరమైనదే. మబ్బు కమ్మి ఎండ తగ్గినా ఆకులోని రక్షణ ఏర్పాటు వెంటనే సడలదు. కొన్ని నిమిషాలపాటు పనికివచ్చే కాంతి కూడా వేడిగా వృథా అవుతుంది. అమెరికా శాస్త్రజ్ఞులు పొగాకు మొక్కలలో ఈ సడలింపును జన్యుమార్పుతో వేగవంతం చేయగా, పొలంలో వాటి పెరుగుదల సుమారు 15 శాతం హెచ్చిందని 2016లో ప్రకటించారు. ఆహార పంటలన్నింటిలో ఇదే ఫలితం వస్తుందని ఇంకా రుజువు కాలేదు. అయినా ఎండలు ముదురుతున్న ఈ కాలంలో, ఆకు తన్ను తాను కాపాడుకునే తీరు తెలుసుకోవడం అన్నం గురించిన ఆలోచనే.

ప్రశ్నలు
1. కెరోటినాయిడ్ల రెండు విధులను వివరించండి.
2. కాంతి వేగాన్ని గడియారంగా ఎట్లా ఉపయోగిస్తారు?
3. 'చీకటి స్థితి' అనగానేమి?