వరి ఆకుకు నోళ్ళెన్ని?

నీరందని మడిలో మిట్టమధ్యాహ్నం వరి ఆకులను చూశారా? గొట్టాల్లా చుట్టుకుపోయి ఉంటాయి. "చేను బెట్టకు వచ్చింది" అంటాడు రైతు. ఒంట్లో మిగిలిన కాస్త నీరూ ఆవిరైపోకుండా మొక్క చేసే ప్రయత్నమే అది.

వేళ్ళు పీల్చిన నీటిలో నూటికి 97 పాళ్ళకు పైగా ఆకుల గుండా ఆవిరైపోతుందంటే నమ్ముతారా? ఎందుకింత దుబారా అని మొక్కను తప్పుపట్టకండి. ఆహారం తయారు చేసుకోవాలంటే దానికి బొగ్గుపులుసు వాయువు కావాలి. అది లోపలికి రావాలంటే ఆకుమీద ఉన్న సన్నని నోళ్ళు, అంటే పత్రరంధ్రాలు, తెరుచుకోవాలి. తెరిస్తే దాహం, మూస్తే ఆకలి! ఇదీ బెట్టలో మొక్క పడే ఇరకాటం. పైగా ఆవిరి పోతుంటేనే ఆకు చల్లగా ఉంటుంది. అన్ని తలుపులూ బిగించుకుంటే వేడెక్కిపోతుంది కూడా.

ఒక్కొక్క రంధ్రానికి రెండు రక్షక కణాలు కాపలా ఉంటాయి. చాలా మొక్కలలో ఇవి చిక్కుడు గింజల్లా ఉంటాయి. వరి, గోధుమ, జొన్న వంటి గడ్డిజాతి మొక్కలలో మాత్రం కసరత్తు చేసేవాళ్ళ డంబెల్ ఆకారంలో ఉంటాయి. నీటితో ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది, సడలితే మూసుకుంటుంది.

మరి మూసుకోమని వీటికి చెప్పేదెవరు? ఆ కబురు మోసేవాటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకటి. పుండు కడిగేటప్పుడు బుసబుస పొంగే మందు ఉంటుందే, అదే పదార్థం! రక్షక కణాలలో ఇది పేరుకుంటే రంధ్రం మూతపడుతుంది. వరిలో డి.ఎస్.టి. అనే జన్యువు ఉన్నదనీ, అది పెరాక్సైడ్‌ను విరగగొట్టే ఎంజైములను పురికొల్పుతుందనీ చైనా శాస్త్రజ్ఞులు 2009లో తెలియజేశారు. అంటే ఈ జన్యువు పనిచేసినంతకాలం కబురు చెరిగిపోతూ ఉంటుంది, తలుపు తెరిచే ఉంటుంది. జన్యువు పాడైన మొక్కలలో రంధ్రాలు త్వరగా మూసుకున్నాయి. వాటి సంఖ్య కూడా తగ్గింది. ఒక జన్యువు చెడిపోతే మేలు జరగడం వింతగా లేదూ? నీటికి కరువులేని చోట నోరు తెరుచుకుని పెరిగే మొక్కదే పైచేయి. చిక్కల్లా నీరు లేనప్పుడే.

ఈ జన్యువును కావాలనే పాడు చేస్తే? ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు చేసిన పని అదే. ఇందుకు వారు తీసుకున్న రకం మనకు తెలిసినదే: పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధనా కేంద్రంలో పుట్టిన ఎం.టి.యు. 1010. రైతుల నోట అది కాటన్‌దొర సన్నాలు. వాడిన పనిముట్టు క్రిస్పర్. డి.ఎన్.ఎ.లో కావలసిన చోటును వెదికిపట్టే చిన్న ఆర్.ఎన్.ఎ. ముక్క దారి చూపుతుంది, కాస్-9 అనే ఎంజైము అక్కడ కత్తిరిస్తుంది. కణం ఆ తెగిన చోటును అతుక్కునేటప్పుడు కొన్ని అక్షరాలు జారిపోతాయి, జన్యువు మూగబోతుంది. తర్వాతి తరంలో కత్తెర జన్యువు లేని మొక్కలను ఏరుకుంటారు. ఈ కత్తెరను రూపొందించిన షార్పెంటియెర్, డౌడ్నా అనే ఇద్దరు మహిళలకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది.

మొక్కజొన్న, గోధుమలలో దారి వేరు. అక్కడ పరాయి జన్యువును తెచ్చి చేర్చారు. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును చేర్చిన మొక్కజొన్న 2013లో అమెరికా రైతులకు అందింది. పొద్దుతిరుగుడు జన్యువును చేర్చిన గోధుమను 2020లో అర్జెంటీనా అనుమతించింది. అయితే కొనే దేశమైన బ్రెజిల్ కూడా ఒప్పుకోవాలన్న షరతు పెట్టింది!

మళ్ళీ మన వరి సంగతి. 2020లో వెలువడిన పరిశోధన ప్రకారం మార్చిన మొక్కల ఆకులు వెడల్పయ్యాయి, రంధ్రాలు తగ్గాయి. లేత దశలో అవి ఉప్పును బాగా, నీటి కొరతను ఒక మోస్తరుగా తట్టుకున్నాయి. 2025 మే నెలలో 'పూసా డి.ఎస్.టి. రైస్ 1' అనే పేరుతో కేంద్ర ప్రభుత్వం ఈ రకాన్ని ప్రకటించింది. క్షేత్ర పరీక్షల అంకెలు చెప్పినంత గొప్పగా లేవని అదే సంవత్సరం విమర్శలు వచ్చాయి, వాదోపవాదాలు నడిచాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. వరికి అసలు గండం నారు దశలో కాదు, వెన్ను బయటికి వచ్చి పూత పూసేటప్పుడు. ఆ నాలుగు రోజులు నీరు అందకపోతే గింజ పాలు పోసుకోదు, తాలు మిగులుతుంది. కాబట్టి కుండీలో లేత మొక్క బ్రతికిందా అన్నది చాలదు; బెట్ట కొట్టిన చేలో ఎన్ని బస్తాలు వచ్చాయన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష. అదీ ఒక ఏడు కాదు, నాలుగైదు ఏళ్ళు, వేరువేరు నేలల్లో. జన్యువు నీటిని పుట్టించదు. చెరువు అడుగంటితే ఏ రకమైనా ఎండవలసిందే.

ఆ నోళ్ళను మీరే చూడవచ్చు. వరి ఆకును తుడిచి, రంగులేని గోళ్ళ పాలిష్‌ను అడుగువైపు పలుచగా పూయండి. బాగా ఆరిన తర్వాత పారదర్శకంగా ఉండే అంటుడు టేపును దానిపై నొక్కి మెల్లగా లాగండి. పాలిష్ పొర ఊడివస్తుంది. దాన్ని గాజుపలకకు అంటించి బడిలోని సూక్ష్మదర్శినిలో చూస్తే వరుసలు తీరిన పత్రరంధ్రాల అచ్చులు కనిపిస్తాయి. పక్కనే జొన్న ఆకు అచ్చు కూడా తీసి, రెండింటిలో ఏది ఎక్కువో లెక్కపెట్టండి.