నౌరూ: ఎరువు పోయింది, చక్కెర వచ్చింది

మా ఇంట్లో సూపర్ ఫాస్ఫేట్ బస్తా దిగని సంవత్సరం లేదు. రాతి ఫాస్ఫేట్‌కు గంధకామ్లం కలిపితే నీళ్ళలో కరిగే ఆ ఎరువు తయారవుతుందని క్లాసులో విన్నాను. ఆ రాయి ఎక్కడెక్కడ దొరుకుతుందా అని లైబ్రరీలో వెదుకుతుంటే నౌరూ తగిలింది.

పసిఫిక్ సముద్రంలో 21 చదరపు కిలోమీటర్ల దీవి. జనం ఇంచుమించు 12 వేలు, అంటే మనవైపు ఒక పెద్ద ఊరు. 1900 తర్వాత కొద్ది ఏళ్ళకే అక్కడ తవ్వకం మొదలైంది. మేలిరకం ఫాస్ఫేట్ ఓడలకెక్కి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పచ్చికబయళ్ళను సారవంతం చేసింది. దీవిలో సుమారు ఐదింట నాలుగు వంతుల నేల మాత్రం కోరల్లాంటి సున్నపురాళ్ళుగా మిగిలింది. అక్కడ నాగలి మాట అటుంచి, మనిషి నడవడమే కష్టం.

పూర్వం వాళ్ళ తిండి చేపలు, కొబ్బరి, మొగలిజాతి చెట్ల పండ్లు. బువాడా మడుగులో చేపపిల్లల్ని పెంచుకునేవారు కూడా. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక ఫాస్ఫేట్ డబ్బు చేతినిండా ఆడింది. బియ్యం, పంచదార, డబ్బా మాంసం, తీపి పానీయాలు అన్నీ ఓడలోనే దిగేవి. ఒంటికి పని తగ్గింది. 1975-76లో పరీక్షలు చేస్తే పెద్దవాళ్ళలో దాదాపు ముగ్గురికొకరికి మధుమేహం ఉన్నట్టు తేలింది!

ఈ రకం మధుమేహంలో ఇన్సులిన్ ఉన్నా కండరాలు దాని మాట వినవు. రక్తంలో నిలిచిన గ్లూకోజు కళ్ళలో, మూత్రపిండాల్లో సన్నని నాళాలను పాడుచేస్తుంది. గుండెకు పోయే పెద్ద నాళాలనూ వదలదు. 30 నుంచి 70 ఏళ్ళ మధ్య ఇలాంటి జబ్బులతో పోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ అకాల మరణమంటుంది. ఆ లెక్కలో పసిఫిక్ దీవులు బాగా ముందున్నాయి.

కరువులకు తట్టుకునే జన్యువే సుఖకాలంలో శత్రువవుతుందని 1962లో జేమ్స్ నీల్ ఊహించాడు. కావచ్చు. కానీ నేల పోయిన సంగతి వదిలేసి నెపమంతా రక్తం మీదికి తోస్తే నాకు మింగుడుపడదు. మా నాన్నకు నిరుడు చక్కెర బయటపడితే "తిండెక్కువై" అని ఊళ్ళో ఎకసెక్కాలాడారు. ఆయన రోజూ తెల్లారకముందే పొలంలో ఉండే మనిషి.

నేలను పాడుచేసినందుకు నౌరూ 1989లో ఆస్ట్రేలియా మీద అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కింది. 1993లో రాజీ కుదిరి పరిహారం వచ్చింది. పోయిన మన్ను రాలేదు.

సెలవుల్లో నాన్నకు ఇదంతా చెప్పాను.

"మరి వాళ్ళిప్పుడు పండించుకునేదెక్కడరా?"

"సముద్రం ఒడ్డున సన్నటి అంచు మిగిలింది నాన్నా. ఇళ్ళూ అక్కడే, విమానాలు దిగేదీ అక్కడే."

ఆయన మాత్ర వేసుకుని, బస్తా మూతి విప్పారు.