టర్కీ దేశపు పసిపాపలు

ఇంట శిశువు జన్మించుట ఏ దేశమునందైనను సంతోషదాయకమే. కాని వైద్యశాస్త్రము పెంపొందని పూర్వకాలమున ఆ సంతోషము వెంట ఒక భయము కూడ ఇంట అడుగిడుచుండెను. పుట్టిన బిడ్డ బ్రదుకునో, బ్రదుకదో అను భయమది. టర్కీ దేశపు ప్రజలు ఆ భయమును, దానిని జయింపగోరిన ప్రేమను, రెండింటిని తమ ఆచారములయందు భద్రపరచుకొనిరి.

టర్కీ ఆసియా, ఐరోపా ఖండముల కూడలియందున్న దేశము. అచటి ప్రజలలో అత్యధికులు ముస్లిములు. అయినను వారి భాషను, కొన్ని సంప్రదాయములను మధ్య ఆసియానుండి వచ్చిన తురుష్కులు తెచ్చిరి. ఆ ప్రాచీన తురుష్కులు ఉమాయ్ అను దేవతను తల్లులకును, శిశువులకును రక్షకురాలినిగా తలచెడివారు. క్రీ. శ. 732లో మంగోలియా యందలి ఓర్ఖోన్ నదీలోయలో నిలిపిన శిలాశాసనమున ఆమె పేరు కానవచ్చుచున్నది.

ప్రసవానంతరము మొదటి నలుబది దినములు అపాయకరమైనవని అచటి పల్లెవాసుల నమ్మకము. 'అల్ కరిసి' అను దుష్టశక్తి బాలింతరాలిని, బిడ్డను పీడించునని భయపడి, తల్లి తలకు ఎఱ్ఱని పట్టె కట్టుదురు; ఆమెను ఒంటరిగా విడువరు. చూడవచ్చినవారికి ఎఱ్ఱని షర్బతు ఇత్తురు. నలుబదవ దినమున తల్లికిని, బిడ్డకును స్నానము చేయింతురు. ఆ నీటిలో నలుబది చిన్నరాళ్లు వేయుట కొన్ని సీమల వాడుక. దుష్టశక్తి మాట యెట్లున్నను, ప్రసవించిన తల్లికి విశ్రాంతియు, తోడును లభించుట ఈ నియమమువలన కలిగిన మేలు.

బిడ్డకు దిష్టి తగులకుండుటకై దుస్తులకు కన్నువంటి గుర్తుగల నీలిరంగు గాజుపూసను తగిలింతురు. బిడ్డను మెచ్చుకొనువారు 'మాషల్లా' అని పలుకవలెను. దైవము సంకల్పించినది జరిగినదని ఆ మాటకు అర్థము.

పేరిడునాడు పెద్దలలో ఒకరు బిడ్డ కుడిచెవియొద్ద అజాన్ పలికి, పేరును ముమ్మారు చెప్పుదురు. కొన్ని పేర్ల వెనుక తల్లిదండ్రుల కన్నీరు దాగియున్నది. వరుసగా బిడ్డలు మరణించిన ఇంట పుట్టిన శిశువునకు 'యషార్' అనియో, 'దుర్సున్' అనియో పేరు పెట్టెడివారు. 'జీవించును' అని మొదటిదానికి, 'నిలుచుగాక' అని రెండవదానికి అర్థము. 'సతిల్మిష్' అనగా అమ్మబడినవాడు. బిడ్డను లాంఛనముగా పరులకో, ఒక మహనీయుని సమాధికో అమ్మివేసినచో వానికి కీడు సోకదని వారి ఆశ. ఇక 'యెతెర్' అను పేరు కలదు. 'చాలు' అని దానికి అర్థము. ఆడుపిల్లల వెనుక మరల ఆడుపిల్ల పుట్టిన ఇండ్లలో ఈ పేరు పెట్టుట కలదు. ఒక బిడ్డ పేరు ప్రార్థన కాగా, మఱియొక బిడ్డ పేరు నిరాశ అయినది!

ఈ భేదభావము పురాతనమైనదే. దెదె కోర్కుత్ కథలలో బయిందిర్ ఖాన్ అను ప్రభువు విందు చేయుచు, కొడుకులు గలవారికి తెల్లని డేరాను, కూతుండ్రు గలవారికి ఎఱ్ఱని డేరాను, సంతానము లేనివారికి నల్లని డేరాను విడిదిగా ఏర్పరచెను. సంతతి లేని దిర్సె ఖాన్ ఆ అవమానమునకు కుమిలిపోయెను. తరువాత అతనికి కుమారుడు కలిగెను. ఆ బాలుడు పదునైదవ యేట ఒక వృషభముతో పోరి గెలిచిన పిమ్మటనే 'బొగాచ్' అను పేరు పొందెను. ఈ కథాసంప్రదాయమును యునెస్కో 2018లో మానవాళి వారసత్వ సంపదగా గుర్తించెను.

బిడ్డ పెరుగుకొలది వేడుకలు సాగును. తొలిదంతము కనిపించినప్పుడు గోధుమలు ఉడికించి ఇరుగుపొరుగులకు పంచుదురు. బిడ్డ యెదుట కలము, పుస్తకము, కత్తెర, అద్దము మొదలగువానిని ఉంచి, ఏది పట్టుకొనునో చూచి భావిజీవితమును ఊహింతురు. నడక ఆలస్యమైనచో బిడ్డ పాదములకు దారము కట్టి, ఇతర బాలురను పరుగెత్తింతురు. గెలిచినవాడు ఆ దారమును కత్తిరించును. అడుగును ఆపిన బంధము తెగిపోయినదని అందరు సంతసింతురు. బిడ్డ చదువరి కావలెనని రాలిన బొడ్డును బడి ఆవరణమున పాతిపెట్టు తల్లిదండ్రులును కలరు.

నేడు టర్కీలో శిశువులు ఆసుపత్రులలో జన్మించుచున్నారు; శిశుమరణములు మిక్కిలి తగ్గినవి. ఆ మార్పు తెచ్చినది నీలిపూస కాదు, వైద్యమును, విద్యయును. అయినను నీలిపూస ముద్దుగా నిలిచియే యున్నది. 1920 ఏప్రిల్ 23న అంకారా నగరమున జాతీయ శాసనసభ ప్రారంభమైన దినమును ఆ దేశమువారు జాతీయ సార్వభౌమత్వ, బాలల దినోత్సవముగా జరుపుకొనుచున్నారు. ఆనాడు బాలబాలికలను అధికారుల ఆసనములయందు లాంఛనముగా కూర్చుండబెట్టుదురు. ఆ ఆసనముల యెదుట కొడుకులకు ఒక డేరా, కూతుండ్రకు ఒక డేరా అను భేదము లేదు.

ఏ ఆచారమునందైనను భయమెంత, ప్రేమయెంత అని వేరుచేసి చూచుట విద్యావంతుని పని. ఉడికించిన గోధుమలను పంచుకొనవచ్చును, దారము కత్తిరించి నవ్వుకొనవచ్చును. కాని 'చాలు' అను పేరు మాత్రము ఏ బిడ్డకును పెట్టరాదు.