పచ్చిమిర్చి చవగ్గా ఉన్నప్పుడే దాచేద్దాం, చెల్లీ!

చెల్లీ, ఒక్కసారి ఫ్రిజ్ తెరిచి పచ్చిమిర్చి కవరు బయటికి తీసి చూడమ్మా. పైనున్న కాయలు నిగనిగలాడుతూనే ఉంటాయి. అడుగున ఉన్నవి మాత్రం తొడిమ దగ్గర నల్లబడి, మెత్తబడి, కవరంతా చెమ్మ చేసేసి ఉంటాయి. కుళ్ళినవి ఏరి పారేయడం, మళ్ళీ కూరల బండి దగ్గర పావుకిలో కొనడం మనందరికీ మామూలైపోయింది. చవగ్గా ఉన్నప్పుడు పారేస్తాం, ధర మండిపోయినప్పుడు కాయలు లెక్కపెట్టుకుని వాడతాం. ఇంట్లో ఫ్రీజర్ ఉంటే ఈ తిప్పలు అక్కర్లేదని చెప్పడానికే ఇవాళ్టి ముచ్చట.

మిరపను దాచడం మన పెద్దవాళ్ళకి కొట్టిన పిండి. చల్ల మిరపకాయలు, ఉప్పూ చింతపండూ వేసి తొక్కిన పండుమిర్చి కారం, ఏడాదికి సరిపడా ఎండుమిర్చి అన్నీ వాళ్ళు నేర్పినవే. అయితే ఎండబెట్టినా, ఊరబెట్టినా కాయ రుచి మారిపోతుంది. పప్పులో వేయగానే గుప్పుమనే ఆ పచ్చి వాసన కావాలంటే మాత్రం చల్లదనంలో దాచుకోవాల్సిందే.

పైగా ఇది చాలా సులువైన పని. బఠాణీలు, బీన్స్ దాచాలంటే ముందు మరిగే నీళ్ళలో కాసేపు వేసి తీయాలి. లేకపోతే వాటిలోని ఎంజైములు చలిలో కూడా మెల్లగా పనిచేసి రంగూ రుచీ పోగొడతాయి. పచ్చిమిర్చికీ, క్యాప్సికమ్‌కీ ఆ శ్రమ లేదు. కడిగి, ఆరబెట్టి, పెట్టేయడమే.

కిటుకంతా ఆ ఆరబెట్టడంలోనే ఉంది. కాయల మీద తడి ఉంటే అదే మంచయి, అన్నీ అతుక్కుని గడ్డకట్టుకుపోతాయి. అందుకని కొన్న రోజే గట్టి కాయలు ఏరి పక్కన పెట్టు. మెత్తబడినవి ఆ పూట పచ్చడిలో వేసెయ్. ఏరినవాటిని తొడిమలతోనే కడుగు, ముందే తుంచితే నీళ్ళు కాయ లోపలికి పోతాయి. పాత నూలు చీర మీద పరిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే తొడిమలు తియ్యి. తర్వాత కాయలుగానే ఉంచుకుంటావో, చీలికలు చేసుకుంటావో నీ ఇష్టం. స్టీలు పళ్ళెంలో ఒక్క వరుసగా పరిచి ఫ్రీజర్లో పెట్టు. కొన్ని గంటల్లో గట్టిపడతాయి. అప్పుడు జిప్ కవర్లో పోసి, లోపలి గాలంతా నొక్కి తీసేసి మూసెయ్. గాలి మిగిలితే కాయలు ఎండిపోయి తెల్లటి మచ్చలు పడతాయి. కవరు మీద తేదీ రాయడం మరిచిపోకు. మిర్చి ఘాటు పిల్లల ఐస్‌క్రీముకి అంటకుండా ఇంకో కవరు కూడా తొడుగు.

పొద్దున్నే బాక్సులు కట్టాల్సిన ఇల్లైతే ఇంకో పని చెయ్యి. పచ్చిమిర్చి, అల్లం, కాస్త ఉప్పు కలిపి నీళ్ళు పోయకుండా రుబ్బి, ఐస్ ట్రేలో నింపి గడ్డకట్టాక కవర్లో వేసుకో. పెసరట్టు పిండిలోకి, ఉప్మాలోకి ఒక్క ముక్క తీసి వేస్తే చాలు. ఆ ట్రేని మాత్రం మిర్చికే కేటాయించు. సంక్రాంతి దాటాక గుంటూరు, పల్నాడు, ఖమ్మం, వరంగల్ వైపు నుంచి వచ్చే పండుమిర్చినీ కాయలుగా ఇలాగే దాచుకోవచ్చు. వేసవిలో నోరు చప్పబడినప్పుడు గుప్పెడు తీసి అప్పటికప్పుడు పచ్చడి నూరుకోవచ్చు. క్యాప్సికమ్ అయితే గింజలూ లోపలి తెల్లటి పొరా తీసి ముక్కలు కోసి పెట్టు.

కోసేటప్పుడు చేతులు జాగ్రత్త తల్లీ. కారం ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే ఆ తెల్లటి పొరలో. ఆ కారానికి కారణమైన క్యాప్సైసిన్ నీళ్ళకి లొంగదు, నూనెలో కరుగుతుంది. అందుకని చేతులకి కొబ్బరినూనె రాసుకుని కొయ్యి. అయ్యాక మళ్ళీ కాస్త నూనె రుద్ది సబ్బుతో కడుక్కో. చంటిపిల్లల తల్లివైతే గ్లవ్స్ వేసుకోవడం ఇంకా మేలు.

వాడేటప్పుడు కాయల్ని బయట పెట్టి కరిగించకు. లోపలి నీరు మంచు అయినప్పుడు కాయ కణాల గోడలు చిట్లుతాయి కాబట్టి కరిగాక మెత్తబడతాయి. ఫ్రీజర్లోంచి తీసి నేరుగా వంటలో వేసెయ్. కారం ఏమీ తగ్గదు. పప్పు, పులుసు, కూర, రోటి పచ్చళ్ళకి ఇవి దివ్యంగా ఉంటాయి. మిర్చి బజ్జీకి, పెరుగన్నంలో నంజుకోవడానికి మాత్రం తాజా కాయే ఉండాలి. తాలింపులో వేసేటప్పుడు మంచు తగిలి నూనె చిటపటలాడుతుంది, కాబట్టి ఉల్లిపాయలు వేగాక వేసి కాస్త వెనక్కి జరుగు.

పోషకాల మాటా చెప్తాను. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్‌జార్జి 1930లలో సి విటమిన్‌ని పెద్ద ఎత్తున తీసింది మిరప జాతి కాయల్లోంచే. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఫ్రీజర్లో పెట్టినంత మాత్రాన ఆ విటమిన్ అంతా పోదు.

మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో ఎనిమిది నెలల పైనే రుచిగా ఉంటాయి. సింగిల్ డోర్ ఫ్రిజ్ పై అరలో అంత చలి ఉండదు, అక్కడ పెడితే ఒకటి రెండు నెలల్లో వాడెయ్. చలి క్రిములను చంపదు, కదలకుండా ఆపుతుందంతే. కరెంటు చాలాసేపు పోయి కాయలు పూర్తిగా కరిగి వెచ్చబడితే మొహమాటపడకుండా పారెయ్. అమెరికాలో పెరటి తోట వేసుకునే మన ఆడపడుచులకి కూడా ఇదే చెప్తాను. చలికాలం మంచు మొదలవకముందే చెట్టు మీది కాయలన్నీ కోసి ఇలా దాచుకోండి.

ఈసారి రైతుబజారుకి వెళ్ళినప్పుడు ధర తక్కువగా ఉంటే ఒక్క అరకిలో ఎక్కువ తీసుకో చెల్లీ. ఆ సాయంత్రమే ఆరబెట్టి దాచెయ్, రేపటికి వాయిదా వేయకు. మీ ఇంట్లో ఇంతకన్నా మంచి పద్ధతి ఉంటే ఈ అక్కకి తప్పకుండా రాయి. పదిమందికీ చెప్పుకుందాం.