స్పర్లు అన్నిటికంటే చివర

కోడంబాక్కం, చెన్నై

కన్నా,

నీ ఉత్తరం చేరింది. కౌబాయ్ వేషం దొరికిందని, దానికోసం స్వారీ నేర్చుకుంటున్నావని చదివి మీ నాయనమ్మకు రెండుసార్లు వినిపించాను. గుర్రాన్ని అదిలించడానికి బూటు మడమకు తగిలించే స్పర్లు కొన్నావట, ఎలా కట్టుకోవాలో చెప్పమన్నావు. సినిమా కంపెనీలకు గుర్రపు జీనులూ బెల్టులూ కుట్టి బతికినవాణ్ణి, చెప్పకుండా ఎలా ఉంటాను? అయితే ఆ సామాను ఎందుకు పుట్టిందో తెలిస్తేనే అది ఒంటిమీద నప్పుతుంది. ముందు ఆ సంగతి విను.

మన తెలుగువాళ్ళకు ఈ వేషం మద్రాసు నుంచే వచ్చింది. 1971లో పద్మాలయా వారు తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు' ఆరుద్ర రాసిన సినిమా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు. రాజస్థాన్ ఎడారిలో టోపీ పెట్టుకుని గుర్రమెక్కిన కృష్ణగారిది తెనాలి పక్కన బుర్రిపాలెం. ఆ తర్వాత 1990లో 'కొదమసింహం', 2002లో 'టక్కరి దొంగ' వచ్చాయి. వాటన్నిటినీ మళ్ళీ చూడు. కానీ తుపాకీలను చూడకు, కాళ్ళు చూడు. గుర్రం కదిలేముందు మనిషి కాలు ఏం చేస్తోందో చూడు.

అసలు కౌబాయ్ పశువుల కాపరి. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిశాక టెక్సస్ నుంచి కాన్సాస్ రైలు స్టేషన్లకు మందలను నెలల తరబడి తోలుకెళ్ళిన కూలీ. వాళ్ళలో నల్లవాళ్ళు, మెక్సికోవాళ్ళు చాలామంది. జీను, తాడు, స్పర్లు అన్నీ వకేరోలనే మెక్సికో పశువుల కాపరుల దగ్గర నేర్చుకున్నవే. షోకు కోసం పుట్టిన వస్తువు ఆ ఒంటిమీద దాదాపు ఒక్కటీ లేదు. బూటు మడమ ఎత్తుగా ఉండేది పాదం రికాబులోంచి అవతలికి దూరిపోకుండా. అడుగు తోలు నున్నగా ఉండేది, పడిపోయినప్పుడు కాలు చటుక్కున ఊడి రావడానికి. కాలు ఇరుక్కున్నవాణ్ణి గుర్రం ఈడ్చుకుపోతుంది. అందుకే గాడులున్న రబ్బరు అడుగు బూట్లు, మడమ లేని బూట్లు వేసుకుని ఎక్కొద్దు. ప్యాంటు మీద కట్టే చాప్స్ అనే తోలు తొడుగు ముళ్ళ పొదల్లోంచి పోయేటప్పుడు తొడలను కాపాడుతుంది. టోపీ అంచు ఎండకూ వానకూ. మెడలో రుమాలు దుమ్ము రేగితే ముక్కు మీదికి.

ఇక స్పర్లు. మడమను వెనకనుంచి చుట్టే కమ్మి, దాన్నుంచి పొడుచుకొచ్చిన కాడ, కాడ చివర గిరగిరా తిరిగే పళ్ళ చక్రం. కమ్మిని బూటు మడమ పైన ఉండే చిన్న గట్టు మీద ఆనించు. తోలు పట్టీని పాదం మీదుగా తెచ్చి బకిల్ బయటివైపుకి వచ్చేలా బిగించు. లోపలివైపు ఉంటే జీనుకు, గుర్రం పక్కలకు రాసుకుంటుంది. పట్టీ కింద ఒక వేలు దూరాలి, రెండు దూరితే వదులు. కాడ నేలకు సమంగానో, కాస్త కిందికో ఉండాలి, పైకి లేవకూడదు. కొన్నిటికి బూటు అడుగున మడమకు ముందు వేసే గొలుసు ఉంటుంది, స్పర్ పైకి జారకుండా. చివరగా బొటనవేలితో చక్రాన్ని తిప్పి చూడు, అడ్డం లేకుండా తిరగాలి. తిరగని చక్రం చర్మాన్ని గీరుతుంది. పళ్ళు ఎక్కువగా, మొద్దుగా ఉన్న చక్రం మెత్తన. తక్కువ పళ్ళు, వాడి మొనలు ఉన్నది క్రూరం. నువ్వు కొన్నది ఎలాంటిదో రాయలేదు. మొనలు గుచ్చుకుంటుంటే ఆకురాయి పట్టి గుండ్రం చెయ్యి.

ఇది దయ ఒక్కటే అనుకోకు, చట్టం కూడా. బరువులు లాగే, మోసే జంతువుల కోసం 1965లో చేసిన నిబంధనలు స్వారీకైనా సరే ములుకుల కర్రలను, గాయపరిచే వాడి సామానును నిషేధించాయి. అంతకు మూడేళ్ళ ముందు, 1962లో, జంతు సంక్షేమ బోర్డు రుక్మిణీదేవి అరండేల్ అధ్యక్షతన ఏర్పడింది. చాలా ఏళ్ళు ఈ ఊళ్ళోనే నడిచింది. ఇవాళ సినిమాలో గుర్రాన్ని వాడాలంటే ఆ బోర్డు అనుమతి ముందే తీసుకోవాలి. మీ నిర్మాతను అడిగి కనుక్కో, మొహమాటపడకు.

స్పర్‌తో పొడవకూడదు, తాకాలి. మన రైతు చేతిలో ములుకోల ఉన్నా మంచి ఎద్దును అదిలింపుతోనే నడిపిస్తాడు చూడు, ఇదీ అంతే. ముందు నడుము బరువు మార్చు, తర్వాత పిక్కతో మెల్లగా నొక్కు. అప్పటికీ కదలకపోతే మడమ కాస్త లోపలికి తిప్పి ఒక్కసారి తాకి వెంటనే తీసెయ్యి. మాట విన్న క్షణంలో కాలు వదలాలి. ఊరికే గుచ్చుతూ ఉంటే గుర్రం మొద్దుబారుతుంది, లేదా హడలిపోయి పరుగందుకుంటుంది. కాలు స్థిరంగా లేనివాడి స్పర్ అడుగడుగునా దానంతట అదే తగులుతుంటుంది. రౌతు కొద్దీ గుర్రం అని ఊరికే అనలేదు. గుర్రం దిగాక ముందు స్పర్లు విప్పు. వాటితో మెట్లు దిగినా, గొంతుక్కూర్చున్నా నీకే ప్రమాదం.

తోలు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పట్టీలకు తంగేడు చెక్కతో, కరక్కాయతో ఊనిన తోలు కావాలి, గట్టిగా నిలుస్తుంది. దక్షిణాదిన తరతరాల విద్య అది. ఆ తోలు విద్యకు శాస్త్రం జోడించిన సంస్థ ఇక్కడి అడయారులో 1948లో మొదలైంది. దాన్ని ఏళ్ళ తరబడి నడిపిన యలవర్తి నాయుడమ్మగారిదీ తెనాలి ప్రాంతమే, యలవర్రు. 1985లో కనిష్క విమానంలో బాంబు పేలినప్పుడు పోయారు. నువ్వు ఆయన గురించి చదవాలి. సముద్రగాలికి బకిళ్ళు తుప్పుపడతాయి, వానాకాలం తోలుకు బూజు పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టి, కాస్త నూనె రాయి. ఎండలో పెట్టకు, ప్లాస్టిక్ కవర్లో అసలే పెట్టకు.

ప్రస్తుతానికి స్పర్లు పెట్టెలో దాచు. రికాబులు లేకుండా గుర్రం దుడుకు నడకలో వెళ్తున్నా నీ పిక్క కదలకుండా నిలిచిందని మీ శిక్షకుడు ఎప్పుడంటే అప్పుడు కట్టుకో. షూటింగ్ తేదీ దగ్గరపడుతోందని తొందరపడకు. అప్పటికి కుదరకపోతే స్పర్లు కట్టుకుని నడిచే షాట్లు తీయించుకుని, స్వారీ షాట్లకు విప్పేసి ఎక్కుతానని దర్శకుడితో చెప్పు.

ఆశీస్సులతో,
తాతయ్య