వృత్తి సంఘముల వేదికపై నాయకత్వ ప్రసంగము – ఒక పరిశీలన

ఉర్దూ భాషలో నాయకుని ‘రహబర్’ అందురు. ‘రాహ్’ అనగా బాట. మనము తెలుగున వాడు ‘నాయకుడు’ అను మాట నడిపించుట యను అర్థము గల సంస్కృత ధాతువు నుండి వచ్చినది. రెండు భాషలును ఒకే సంగతిని చెప్పుచున్నవి. నాయకునికి బాట తెలిసియుండవలెను. ఆ బాటపై అతని వెంట జనము నడవవలెను. వెంట జనము లేనివాడు బాటసారియే గాని నాయకుడు కాజాలడు.

వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు మున్నగు వృత్తులవారు సంఘములుగా ఏర్పడి ఏటేట మహాసభలు జరుపుకొనుచుందురు. ఒక ప్రముఖుని ఆహ్వానించి కీలకోపన్యాసము చేయించుట అట్టి సభలలో ఆచారము. నాయకత్వము అను విషయము ఆ ఉపన్యాసములలో తరచుగా వినవచ్చుచుండును. కరతాళ ధ్వనులతోను, వందన సమర్పణతోను ఆ ప్రసంగము ముగిసిపోవుచున్నదా? లేక వినినవారి నడతలో ఏదైన మార్పు తెచ్చుచున్నదా? ఈ ప్రశ్నను ఒకే సంఘపు వేదికపై స్వల్ప కాలములో జరిగిన ప్రసంగముల ఆధారముగా ఇచట పరిశీలింప దలచినాము.

ఆ సంఘము అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘము. అది 1892లో స్థాపితమైనది. స్టాన్లీ హాల్ దానికి ప్రథమాధ్యక్షుడు. 1967 సెప్టెంబరు 1వ తేదీన వాషింగ్టన్ నగరమున జరిగిన ఆ సంఘ వార్షిక మహాసభలో ప్రసంగించుటకు డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ ఆహ్వానితులైనారు. ఆయన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాదు. మత బోధకుడు, పౌరహక్కుల ఉద్యమ నాయకుడు. అంతకు ముందు జూలై మాసములోనే న్యూవార్క్, డెట్రాయిట్ నగరములు అల్లర్లతో అట్టుడికి పోయినవి. అట్టి సమయమున పండితుల సభకు వచ్చిన కింగ్ వారిని పొగడి ఊరకుండలేదు. మీ శాస్త్రము మా ఉద్యమమునకు చేయవలసిన పని ఇది యని మూడు పరిశోధనాంశములను వారి ముందుంచినారు. అవి నల్లజాతి నాయకత్వము, రాజకీయ కార్యాచరణ వలని ఫలితము, నల్లజాతి ప్రజల మనోభావములలోను ఆలోచనలలోను వచ్చిన మార్పులు.

ఈ మూడింటిలో నాయకత్వ ప్రశ్నయే మనకు ముఖ్యమైనది. సామాజిక శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ ‘బ్లాక్ బూర్జువా’ అను తన గ్రంథములో ఒక చేదు నిజమును బయటపెట్టియుండెను. చదువు వలనను, సంపద వలనను పైకి వచ్చిన నల్లజాతివాడు తన వారికి దూరమగుచున్నాడు. వారి యెడల తన బాధ్యతను వదలుకొనుచున్నాడు. అయినను తెల్లవారి సమాజము అతనిని తనలో చేర్చుకొనుట లేదు. కింగ్ ఈ మాటను జ్ఞాపకము చేసి, ఈ సమస్యను పరిశోధింపవలసినదిగా సభను కోరినారు. ఎవడు నాయకుడను దానికన్న, చదువుకొన్నవాడు ఎవరి పక్షమున నిలుచుచున్నాడను ప్రశ్నయే ఇందు పెద్దది.

ఆ ప్రసంగములో మరియొక విశేషము కలదు. పరిసరములతో సర్దుకొనలేని వ్యక్తిని రోగిగా చూచుట మనస్తత్వ శాస్త్రమున పరిపాటి. కింగ్ ఆ పదమునే తీసికొని, జాతి వివక్షతోను, మత దురభిమానముతోను, అనేకుల అవసరములను హరించి కొందరి భోగములకు సమకూర్చు ఆర్థిక విధానముతోను, యుద్ధోన్మాదముతోను ఎన్నడును సర్దుకొనరాదని వాదించినారు. అన్యాయముతో సర్దుకొనకపోవుట రోగము కాదు, ఆరోగ్యమే యని దాని సారాంశము. శ్రోతల భాషలోనే మాటలాడి, ఆ భాషకు క్రొత్త అర్థమును చూపుట ఉత్తమ వక్త లక్షణము.

ఏడు మాసములు గడచినవి. 1968 ఏప్రిల్ 4న కింగ్ హత్యకు గురియైనారు. ఆ సంవత్సరమే శాన్ ఫ్రాన్సిస్కోలో నల్లజాతి మనస్తత్వ శాస్త్రజ్ఞులు తమకొక ప్రత్యేక సంఘమును స్థాపించుకొన్నారు. 1969 మహాసభలో అధ్యక్షుడు జార్జ్ మిల్లర్ ఉపన్యసింపబోవు తరుణమున నల్లజాతి విద్యార్థులు వేదిక నెక్కి, విశ్వవిద్యాలయములలో తమ వారికి అధికముగా ప్రవేశములును, ఉపాధ్యాయ పదవులును కావలెనని కోరినారు. మిల్లర్ ప్రసంగ సారాంశము కూడ గమనింపదగినది. మనస్తత్వ శాస్త్రము నిపుణుల సొత్తుగా మిగిలిపోరాదు, దానిని సామాన్య ప్రజలకు పంచిపెట్టవలెనని ఆయన అభిప్రాయము. నాయకత్వమనగా తన వద్దనున్న విద్యను దాచుకొనక ఇచ్చివేయుట యని మనము దీని నుండి గ్రహింపవచ్చును.

1971లో కెన్నెత్ క్లార్క్ ఆ సంఘమునకు అధ్యక్షుడైనాడు. ఆ పదవి నలంకరించిన మొదటి నల్లజాతీయుడు ఆయనయే. భార్య మేమీతో కలసి బొమ్మల సాయమున పిల్లల మనస్సులపై జాతి వివక్ష ప్రభావమును పరిశోధించిన శాస్త్రజ్ఞుడు ఆయన. పాఠశాలలలో జాతి విభజన చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆయన రచన పేర్కొనబడినది. అట్టి వాడు తన అధ్యక్షోపన్యాసములో అధికార దుర్వినియోగమును గూర్చి మాటలాడుచు, దేశాధినేతలలోని క్రూర స్వభావమును అణచుటకు మందులు వాడవచ్చునని సూచించినాడు. ఆ సూచన తీవ్ర వాదోపవాదములకు దారితీసినది. ఆ మందును ఎవరు ఇచ్చెదరు, ఇచ్చువానిని ఎవరు అదుపు చేసెదరు అను సందేహము సహజముగనే కలుగును. అధికారమునకు విరుగుడు మాత్రలో లేదు. ప్రశ్నించు ప్రజలలోను, జవాబు చెప్పుకొనవలసిన వ్యవస్థలోను కలదని మా విశ్వాసము. వక్త ఎంత పెద్దవాడైనను వినువాడు తన బుద్ధిని తాకట్టు పెట్టరాదు.

ఈ ప్రసంగముల నుండి మూడు గీటురాళ్లు మనకు లభించుచున్నవి. వక్త సభను మెప్పించుటతో తృప్తి పడినాడా, లేక ఆ సభ చేయవలసిన పనిని చెప్పినాడా? వేదికపై నున్నవారే గాక వెనుక వరుసలోనివారును మాటలాడ గలిగినారా? సభ ముగిసిన పిమ్మట ఏమి జరిగినది? మూడవదానికి జవాబు వక్త చేతిలో లేదు, శ్రోతల చేతిలోనే యున్నది.

విద్యార్థి మిత్రులారా! మీలో పలువురు మీ యింట మొదటి పట్టభద్రులు కాబోవుచున్నారు. మీ చదువు కొరకు తల్లి నగలు అమ్మియుండవచ్చును. అన్న తన చదువు మానియుండవచ్చును. రేపు మీరును ఏదో ఒక వృత్తి సంఘములో సభ్యులగుదురు, మహాసభలకు పోవుదురు, నాయకత్వమును గూర్చి ఉపన్యాసములు విందురు. అప్పుడు 1967లో లేవనెత్తబడిన ఆ ప్రశ్నను మీకు మీరే వేసికొనుడు: పైకి వచ్చిన నేను నా బస్తీకి, నా పల్లెకు దూరమైతినా? కళాశాల పాలక వర్గము వారికిని మా మనవి ఒకటి. వార్షికోత్సవమునకు వక్తను పిలుచునపుడు, ప్రసంగానంతరము విద్యార్థులు ప్రశ్నలు వేయుటకు కొంత వ్యవధి కేటాయింపుడు. ప్రశ్నించుట నేర్చిన శ్రోతయే రేపటి రహబర్ కాగలడు.