ముట్టు రాలేదన్న ధీమా

సమస్య: తణుకు నుంచి రాసిన పాఠకురాలి బాబుకు అయిదో నెల. కాన్పయ్యాక ఇంతవరకూ ఆమెకు నెలసరి రాలేదు. తోడికోడలికి రెండో నెలలోనే వచ్చింది కాబట్టి తనకేదో లోపముందని బెంగ. అత్తగారు మాత్రం 'పాలిచ్చేదానికి ముట్టుండదు, ముట్టు లేనిదే కడుపు రాదు' అని ధైర్యం చెబుతున్నారు. ఉద్యోగంలో చేరినందువల్ల నెల రోజులుగా బాబుకు పగలు డబ్బాపాలు పడుతున్నారు. ముట్టు మొదలైతే తన పాలు చెడిపోతాయేమోనన్నది ఆమెకున్న మరో భయం.

సలహా: లోపమేమీ లేదు. పాలివ్వని తల్లికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో నెలసరి వస్తుంది. పాలిచ్చే తల్లికి ఏడాది దాటినా వింత కాదు. బిడ్డ తరచూ పాలు తాగుతుంటే ఒంట్లో ప్రొలాక్టిన్ పెరిగి, అండం విడుదలకు మెదడు పంపే సంకేతాలు మందగిస్తాయి.

అత్తగారి మాటలో సగం నిజముంది. చిక్కంతా ఆ సగంతోనే.

1988లో ఇటలీలోని బెల్లాజియోలో కలిసిన నిపుణులు దానికి హద్దులు గీశారు. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, తల్లిపాలు తప్ప దాదాపు ఇంకేమీ పట్టకూడదు, నెలసరి మొదలై ఉండకూడదు. మూడూ ఉంటేనే గర్భం రాకుండా 98 శాతం రక్షణ. ఈ ఇంట్లో డబ్బాపాలు మొదలవడంతో రెండో షరతు తప్పింది, బాబుకు ఆరు నెలలు నిండగానే మొదటిదీ తప్పుతుంది. పైగా మొదటి ముట్టుకు సుమారు రెండు వారాల ముందే అండం విడుదల కావచ్చు. అసలు నెలే రాని మనిషికి నెల తప్పిందని తెలిసేదెలా?

అందుకే ముందు గర్భ పరీక్ష చేసుకోవాలి. లేదని తేలితే ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరికేవి చాలానే ఉన్నాయి: హార్మోన్లు లేని ఛాయ మాత్ర, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, కాపర్ టీ. ఈస్ట్రోజెన్ ఉన్న మామూలు మాత్రలు మాత్రం పాలిచ్చే తల్లి ఆరు నెలల దాకా వాడకపోవడమే మేలు. ఉత్తరంలో భర్త ఊసే లేదు. నిరోధ్ ఆయన కోసమే. రెండో బిడ్డ ఆలోచనకు కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ముట్టుతో పాలు చెడవు. ఒకటి రెండు రోజులు కాస్త తగ్గినట్టనిపించవచ్చు, అంతే. తొలి నెలసర్లు వేళ తప్పడం, కొంచెం ఎక్కువ కావడం మామూలే. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడినా, జ్వరం తోడైనా అదే రోజు డాక్టరును కలవాలి. కాన్పయ్యాక 180 రోజులు వేసుకోవాల్సిన ఐరన్ మాత్రలు ఇంకా మిగిలే ఉంటాయి. పత్యం పేరుతో వాటిని, ఆకుకూరను మానిపించనివ్వకూడదు.